బ్రేకును బాగుచేయు ఇంటి పనిముట్లు

కమ్మరి తన పట్టకారును తానే చేసికొనును. వడ్రంగి తన ఉలికి పిడిని తానే తొడుగుకొనును. అంగడిలో దొరకని పనిముట్టును చేతనున్న వస్తువుతో కల్పించుకొనుట మన వృత్తులన్నిటను కలదు. మోటారు బండ్లు వచ్చిన పిదప ఈ అలవాటు మెకానిక్కు షెడ్డులలోనికిని, తమ కారును తామే చూచుకొను గృహస్థుల ముంగిళ్లలోనికిని ప్రవేశించినది. కాని కారులో బ్రేకు తక్కిన భాగముల వంటిది కాదు. ఇంజను చెడినచో బండి నిలిచిపోవును. బ్రేకు చెడినచో బండి నిలువదు. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు దాటును. కనుక బ్రేకు పనిలో ఇంటి పనిముట్టుకు ఎక్కడ చోటు కలదో, ఎక్కడ లేదో విచారింపవలసియున్నది.

మూసియున్న ద్రవమునందు ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకును సమముగా ప్రసరించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడగు బ్లేజ్ పాస్కల్ నిరూపించెను. నేటి కార్ల బ్రేకులకు ఇదియే మూలము. కాలితో పెడలును నొక్కగా మాస్టరు సిలిండరులోని ద్రవము సన్నని గొట్టముల గుండ చక్రములకు ఒత్తిడిని చేర్చును. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రములకును ఇట్టి బ్రేకులతో వెలువడినది. మన రోడ్లపై అర్ధశతాబ్దికి పైగా తిరిగి, 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడరులోను ఇదే సూత్రము పనిచేసినది.

డ్రమ్ము బ్రేకులో షూలను వెనుకకు లాగు స్ప్రింగులు మిక్కిలి బలమైనవి. మామూలు పట్టకారుతో లాగినచో జారి, చేతికో కంటికో తగులును. పాత స్క్రూడ్రైవరు కొనను ఆకురాయితో రాచి చిన్న గాడి చేసినచో, దానితో స్ప్రింగు కొక్కెమును నెట్టి స్థానమున కూర్చుండబెట్టవచ్చును. స్క్రూడ్రైవరును నిప్పులో ఎఱ్ఱగా కాల్చి వంచినచో మాత్రము ఉక్కు మెత్తబడును. మరల పదును పెట్టనిదే అది పనికిరాదు.

డిస్కు బ్రేకులో అరిగిన ప్యాడ్లను తీసి, దళసరిగా నుండు క్రొత్తవి అమర్చుటకు పిస్టనును లోనికి నెట్టవలెను. వడ్రంగి వాడు సి క్లాంపు, నడుమ ఒక కొయ్యముక్క చాలును. అయితే వెనుక చక్రములలో కొన్ని పిస్టన్లు నెట్టినంతమాత్రమున పోవు, త్రిప్పుచు నెట్టవలెను. విప్పిన కాలిపరును రబ్బరు గొట్టముపై వ్రేలాడనీయక, సైకిలు చక్రపు చువ్వను వంచి కొక్కెముగా చేసి తగిలించుట మంచిది.

గొట్టములో గాలి చేరినచో ద్రవమునకు బదులు గాలియే నలుగును, పెడలు మెత్తబడును. ఆ గాలి తీయుటకు సాధారణముగా ఇద్దరు కావలెను. ఒక్కడే చేయదలచినచో సీసా మూతకు రెండు రంధ్రములు పెట్టి, ఒకదాని గుండ పారదర్శకమైన గొట్టమును దూర్చి, దాని కొన సీసాలోని బ్రేకు ద్రవములో మునుగునట్లు అమర్చవలెను. రెండవ రంధ్రము గాలి వెడలుటకు. పెడలు వెనుకకు వచ్చునపుడు గొట్టము గాలిని పీల్చదు. బుడగలు ఆగినవో లేదో కంటికి కనబడును. అట్లు సీసాలో పడిన ద్రవమును మరల వాడరాదు. అది తేమను పీల్చుకొను స్వభావము కలది. డాట్ 3 రకపు క్రొత్త ద్రవము కనీసము 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరుగరాదని నియమము. తేమ చేరిన దానికి ఆ హద్దు 140 డిగ్రీలే. మరిగిన ద్రవము ఆవిరియై, గాలి చేయు కీడునే చేయును.

ఇంతవరకు చెప్పినవన్నియు పని ముగియగానే పెట్టెలో చేరునవి. బండిలో మిగిలిపోవు భాగము మాత్రము ఇంటి కల్పన కారాదు. పిన్నుకు బదులు మేకు, రబ్బరు వాషరుకు బదులు ట్యూబుముక్క, బ్రేకు ద్రవమునకు బదులు ఇంజను ఆయిలు వాడుట ప్రాణముతో చెలగాటము. ఇంజను ఆయిలు తగిలిన రబ్బరు ఉబ్బి చెడును. జాకీకి తోడుగా ఇటుకలు పేర్చి బండి క్రింద దూరుటయు అట్టిదే. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును గనుక ఆ ధూళిని ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను.

ఈ వివేకము పనిముట్టు వలన రాదు, సూత్రము తెలియుట వలన వచ్చును. ఉపాధ్యాయులు సూదులు తీసివేసిన చిన్నదియు పెద్దదియు అగు రెండు సిరంజీలను నీరు నింపిన గొట్టముతో కలిపి చూపినచో, చిన్నదానిని నొక్కు విద్యార్థి పెద్దదాని బలమునకు ఆశ్చర్యపడును. అందులో కొంత గాలి చేర్చి మరల నొక్కించిన, మెత్తని పెడలు అనగా నేమో వానికి వ్రేలికొననే తెలియును. అది తెలిసినవాడు బ్రేకు పని ముగించిన తరువాత, ఇంజను నడుపుటకు ముందే, పెడలు గట్టిపడు వరకు పలుమార్లు నొక్కి చూచును. పిస్టనును వెనుకకు నెట్టిన బండిలో మొదటి నొక్కుడు వట్టిదై పోవునని వాడెరుగును.