గవర్నమెంటు కూడా ఒక 'వ్యక్తే'!

మన ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెయ్యకూడదని 1/70 చట్టం చెబుతుంది. అది రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద వచ్చింది. మరి గవర్నమెంటే తన భూమిని గనుల కంపెనీకి లీజుకిస్తే? అనంతగిరి గనుల మీద వేసిన సమతా కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు తేల్చేసింది: చట్టంలో 'వ్యక్తి' అంటే గవర్నమెంటు కూడా! (నాకైతే చదివి నవ్వొచ్చింది, ధైర్యమూ వచ్చింది.)

అయితే గవర్నమెంటు సంస్థ తవ్వుకోవచ్చని అదే తీర్పులో ఉంది. ఆ సందులోంచే దూరారు. 2005 నుంచి విశాఖ మన్యం బాక్సైటు కోసం ఒప్పందాలు రాసుకున్నారు. తవ్వేది గవర్నమెంటు సంస్థ, ఖనిజం పోయేది ప్రైవేటు ఫ్యాక్టరీకి! తీర్పును ఎవరూ కొట్టెయ్యలేదు, దాని పక్కనుంచి నడిచిపోయారంతే. మన్యం జనం మాత్రం ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి కొట్లాడితే 2019లో గానీ ఆ గనుల అనుమతులు రద్దు కాలేదు.