విదేశమున విద్యుత్తు కారు

అమెరికాలో ఉద్యోగము చేయుచున్న కుమారుడు సికింద్రాబాదులోని తండ్రికి ఫోను చేసి, “నాన్నగారూ, విద్యుత్తు కారు కొనవచ్చునా?” అని అడుగును. అప్పుడు ముందుగా విచారింపవలసినది ధర కాదు. రాత్రివేళ ఆ కారు ఎచ్చట నిలుచునన్నది.

మన ఇండ్లలో విద్యుత్తు 230 వోల్టులు. అచ్చటి సామాన్యపు ప్లగ్గులో 120 మాత్రమే. దానికి తగిలించిన కారునకు గంటకు సుమారు 6 కిలోమీటర్లకు చాలు శక్తి చేరును. 10 గంటల రాత్రికి 60 కిలోమీటర్లు. దినమునకు అంతకుమించి తిరుగువారు 240 వోల్టుల లైను వేయించుకొనవలెను. స్వంత ఇల్లున్నవారికి ఇది సులభము; అద్దెకున్నవారికి యజమాని సమ్మతి కావలెను. అది దొరకనిచో వెలుపలి చార్జింగు కేంద్రములే గతి. అచ్చట యూనిటు వెల సాధారణముగా హెచ్చు. చలికాలమున బ్యాటరీ మునుపటంత దూరము నడువదు.

కొత్త కారుపై 7,500 డాలర్ల వరకు లభించిన కేంద్ర పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసినది. మరలివచ్చునపుడు కారును వెంట తెత్తమన్న ఆశయు వలదు. అచ్చటి కార్లకు స్టీరింగు ఎడమవైపున ఉండును. మన దిగుమతి నిబంధనలు కుడివైపున ఉండవలెనని చెప్పుచున్నవి.

కావున ఇంటనే చార్జింగు, కొన్నేండ్ల స్థిరనివాసము, ఈ రెండును ఉన్నచో కొనవచ్చును. లేనిచో వేచియుండుట మేలు.