ప్రళయకావేరి — రెండు నీళ్ళ సంధి

సముద్రమంటే ఏమిటో పిల్లలకు తెలుసును. చెరువంటే ఏమిటో కూడ తెలుసును. ఈ రెంటిలో ఏ ఒక్కటీ కాక, రెంటి లక్షణాలనూ కొంత కొంత పంచుకొన్న జలాశయం ఒకటి ఆంధ్రదేశపు దక్షిణపు సరిహద్దున ఉన్నది. వానకాలంలో ఏరులు మోసుకొనివచ్చే తీపినీరు, పోటు వెంట లోపలికి చొచ్చుకొనివచ్చే ఉప్పునీరు అక్కడ కలుసుకొంటవి. భూగోళ శాస్త్రజ్ఞులు దానిని లగూన్ అంటారు. వ్యాకరణం చదువుకొన్నవారు సంధి అన్నా తప్పులేదు. పటాలలో దాని పేరు పులికాట్ సరస్సు. ఆ తీరపు తెలుగువారి నోట తరతరాలుగా నిలిచిన పేరు ప్రళయకావేరి.

సూళ్ళూరుపేట, తడ ఊళ్ళకు తూర్పున, ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవున ఈ సరస్సు వ్యాపించి ఉన్నది. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో ఒడిశాలోని చిలికా తరువాత స్థానం దీనిదే. ఇందులో అధిక భాగం ఆంధ్రప్రదేశ్‌లోను, దక్షిణపు కొస తమిళనాడులోను ఉన్నవి. పూర్వం నెల్లూరు జిల్లాలో ఉండిన సూళ్ళూరుపేట ప్రాంతం 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరినది. సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమ అడ్డుగోడవలె పరచుకొన్న ఇసుక నేల శ్రీహరికోట. పడమటినుండి కాళంగి, దక్షిణాన ఆరణి ఏరులు దీనికి నీరు తెచ్చి పోస్తవి. కనుచూపు మేర నీరే కనిపించినా, సగటు లోతు ఒక మీటరు మాత్రమే. ఇంత వెడల్పుకు ఇంత తక్కువ లోతు ఉండుటే ఈ సరస్సు బలం. అదే దీని బలహీనత కూడ.

ఇక్కడి ఊళ్ళ పేర్లు చదివినంతనే నేల స్వరూపం కొంత బోధపడుతుంది. నీటి నడుమ మెరకగా లేచిన తావు తిప్ప, అందుకే అటకానితిప్ప. ఇసుకలో త్రవ్వుకొన్న మంచినీటి గుంట దొరువు, అందుకే రాయదొరువు. బెస్తల వాడ కుప్పం. చుట్టూ ఉప్పునీరు ఉన్నచోట త్రాగే నీటిని ఇచ్చే చిన్న గుంటకు ఎంత గౌరవం దక్కినదో, దాని పేరు ఊరికి పేరుగా నిలుచుటలోనే తెలుస్తున్నది.

సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సును చీల్చుకొని సాగుతుంది. శీతకాలంలో ఈ దారిన పోయే యాత్రికునికి ఇరువైపులా పలుచని నీటిలో గులాబి వన్నె చారలు కనిపిస్తవి. దూరానికి అవి పూలతోటలని భ్రమ కలుగుతుంది. చేరువైన కొలదీ ఆ చారలు కదలుతవి, మెడలు చాస్తవి. అవి ఫ్లెమింగోలు. పత్రికలవారు రాజహంసలంటారు గాని, కవుల హంసకు వీటికి చుట్టరికం లేదు. పొడుగాటి కాళ్ళపై నిలిచి, వంకర ముక్కును తలక్రిందుగా నీటిలో ముంచి, బురదనీటిని పీల్చి వడగట్టి, అందులోని నాచును, సూక్ష్మ జీవులను తినుట వీటి పద్ధతి. ఆ ఆహారంలోని వర్ణద్రవ్యమే వీటి ఈకలకు ఆ రంగును ఇస్తుంది; అందుకే పిల్లలు పుట్టుకతో బూడిద రంగున ఉంటవి. మన దేశంలో ఇవి గుంపులుగా గూళ్ళు కట్టే ప్రధాన స్థానం గుజరాత్‌లోని కచ్ఛ రణం. ప్రళయకావేరి వీటికి పుట్టినిల్లు కాదు, అన్నశాల. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1976లో ఈ సరస్సును పక్షుల రక్షణ కేంద్రంగా ప్రకటించినది. సూళ్ళూరుపేటలో ఫ్లెమింగోల పేరిట పండుగ 2001లో మొదలైనది.

అన్నశాల ఇక్కడ ఉండగా, పురిటిల్లు వేరొక పక్షికి మరికొంత దూరాన ఉన్నది. దొరవారిసత్రం సమీపాన నేలపట్టు అనే పల్లెలో ఒక చెరువు, దానిని ఆనుకొని చిట్టడవి కలవు. సుమారు 459 హెక్టార్ల ఆ పక్షి కేంద్రంలో, నీటిలో సగం మునిగి నిలిచిన కడప చెట్లపై గూడబాతులు గూళ్ళు కడతవి. క్రింది ముక్కుకు సంచి వ్రేలాడే ఈ పక్షులు ప్రళయకావేరికి ఎగిరిపోయి, చేపలతో తిరిగివచ్చి పిల్లల నోటికి అందిస్తవి. పిల్లలు తల్లి గొంతులో తల దూర్చి తినే దృశ్యం చూచినవారు మరువలేరు. రెట్ట పడిన చెరువు నీరు పొలాలకు ఎరువుతో సమానమని పల్లెవారికి తెలుసును. పక్షులు వచ్చిన ఏడు పంట పండునని వారి నమ్మిక. చట్టం రాకముందే ఆ నమ్మిక వాటికి కాపలా కాచినది.

పక్షులను చూచి మరలిపోయేవారు సరస్సులో సగమే చూచినవారవుతారు. నీటి నడుమ మనుషులున్నారు. తడకు చేరువనున్న భీములవారిపాళెం రేవునుండి పడవలో పోతే ఇరకం దీవి వస్తుంది. తరతరాలుగా ఆ దీవివారికి పడవే దారి. పురిటి నొప్పులు పడే ఇల్లాలైనా, బడికి పోయే పంతులైనా, పెండ్లికి తరలే బృందమైనా గాలివాలు చూచుకొని పడవ ఎక్కవలసినదే. లోతు లేని చోట తెడ్డు పనికిరాదు. గడకర్రను బురదలో గ్రుచ్చి పడవను ముందుకు త్రోస్తారు. వేనాడు దీవిలో పేరుపొందిన దర్గా ఒకటి ఉన్నది. అక్కడి గంధోత్సవానికి ముస్లిములతో పాటు హిందువులు కూడ మ్రొక్కులు చెల్లించ పోతారు.

తీరమందలి కుప్పాలలో పట్టపువారు ముఖ్యులు. వీరికి తమిళం, తెలుగు రెండును ఇంటి భాషలవంటివే. రొయ్య, పీత, పండుగప్ప వీరి జీవనాధారం. సరస్సు దక్షిణభాగాన వీరిలో పాడు అనే కట్టుబాటు ఉన్నది. వేట తావులన్నిటా చేపలు సమానంగా దొరకవు గనుక, ఏ తావున ఎవరు ఏనాడు వల వేయవలెనో గ్రామ పెద్దలు వంతులు నిర్ణయిస్తారు. నేడు మంచి తావు దక్కినవానికి రేపు మరొకటి దక్కుతుంది. ఆశకు హద్దు గీయుటకు ఇంతకంటె సులువైన నీతిశాస్త్రం వెదకనక్కరలేదు. వీరికి తోడు యానాదులున్నారు. వల లేకయే చేతులతో చేపను పట్టగలవారు, అడవి మూలికల గుణం ఎరిగినవారు. శ్రీహరికోట అడవులు అనాదిగా వారి నివాసం.

ఈ దీవుల బ్రతుకును తెలుగు సాహిత్యం ఆలస్యంగానైనా గుర్తించినది. స.వెం. రమేశ్ రచించిన “ప్రళయకావేరి కథలు” 2005లో పుస్తకరూపాన వచ్చినది. అవ్వతాతల చెంత పెరిగిన బాలుని జ్ఞాపకాలుగా సాగిన ఆ కథలలో చేపల పేర్లు, చెట్ల పేర్లు, పిల్లల ఆటలు, వంటలు, అన్నీ ఆ తావు తెలుగులోనే ఉన్నవి. నిఘంటువులకు ఎక్కని మాటలు ఎన్నో అందులో దొరుకుతవి. ఒక పక్షి రాక మానితే దాని పేరు పిల్లల నోట ఉండదు; ఒక వేట ఆగిపోతే ఆ వేటకు సంబంధించిన క్రియాపదాలు పోతవి. అందువలన సరస్సు ఎండుట భాషాభిమానికి కూడ నష్టమే.

చరిత్రలోను ఈ నీటికి గొప్ప స్థానం ఉన్నది. విజయనగర రాజుల కాలంలో దక్షిణపు కొసనున్న పళవేర్కాడు పేరుమోసిన రేవు. ఆ పేరే పాశ్చాత్యుల నోట పులికాట్ అయినది. డచ్చివారు 1610లో అక్కడ వర్తకశాల నెలకొల్పి, 1613లో గెల్డ్రియా అనే కోట కట్టుకొన్నారు. మన నేతగాండ్ర రంగుల గుడ్డలు అక్కడనుండి తూర్పు దీవులకు ఓడలెక్కినవి. ఉత్తరాన దుగరాజపట్నం వద్ద 1626లో ఆంగ్లేయులు వర్తకశాల తెరచినారు. వారి చోట అది ఆర్మగాన్‌గా ప్రసిద్ధి. అక్కడి ఉద్యోగి ఫ్రాన్సిస్ డే 1639లో దామెర్ల సోదరులనుండి నేల సంపాదించిన పిమ్మట మద్రాసు పుట్టినది. తరువాతి కాలంలో బకింగ్‌హాం కాలువ ఈ సరస్సు మీదుగా సాగి, శ్రీహరికోట కట్టెలను మద్రాసు పొయ్యిలకు చేరవేసినది. 1971 అక్టోబరు 9న అదే శ్రీహరికోటనుండి మొదటి రోహిణి రాకెట్టు నింగికి ఎగసినది. 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరినదీ అక్కడనుండియే. గడకర్రతో నడిచే పడవ, చంద్రునివద్దకు పోయే వాహనం — ఈ రెండును ఒకే నీటి అంచున కనిపించే చోటు మరొకటి అరుదు.

ఇంత సంపదకు ప్రాణాధారం ఒక్కటే: సముద్రంతో సరస్సును కలిపే ముఖద్వారం. రొయ్య సముద్రంలో గ్రుడ్లు పెడుతుంది. దాని పిల్లలు పోటుతో పాటు లోపలికి వచ్చి సరస్సులో పెరిగి, ఎదిగిన పిమ్మట మరల కడలి చేరుతవి. పలు జాతుల చేపలకు కూడ ఈ రాకపోకలే జీవనం. తీరం వెంబడి అలలు త్రోసే ఇసుక ఈ ద్వారాలకు అడ్డుపడుతుంది. వరదకాలంలో ఏటి నీరు ఆ ఇసుకను కోసి దారి చేసుకొంటుంది. ఏరులలో నీరు సన్నగిల్లిన కొలదీ కోత తగ్గి మేట పెరిగినది. ఉత్తరాన రాయదొరువు, కొండూరుపాళెం వైపు ముఖద్వారాలు పూడిపోయినందువలన ఆ దిక్కున సరస్సు వేసవిలో పగుళ్ళు వారిన ఉప్పు బయలవుతున్నది. నీటికి అడ్డంగా లేచిన రోడ్డు కట్టలు కూడ ప్రవాహాన్ని మందగింపజేసినవని పరిశోధకులంటారు. ఉత్తరాన వేట సాగక, బెస్తలు దక్షిణపు నీటికి పోతే అక్కడివారితో తగవులు వస్తున్నవి. వంతులు పంచుకొనే పాడు నీతికి కూడ పంచుటకు నీరుండవలెను కదా!

ఇసుకను త్రవ్వి దారి తెరువవలెనని తీరవాసులు ఏండ్ల తరబడి కోరుతున్నారు. ఒకసారి త్రవ్విన దారి మరల పూడును గనుక ఇది ఒక్క ఏటి పని కాదు. ఏరుల నీటిని, తీరపు ఇసుకను కలిపి ఆలోచించవలసిన పని. చిలికాలో 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తెరచిన పిమ్మట ఉప్పదనం తిరిగివచ్చి, చేపలు హెచ్చినవి. పొరుగున జరిగినది ఇక్కడ జరుగరానిదేమీ కాదు.

విద్యార్థులను విహారానికి తీసికొనిపోదలచిన ఉపాధ్యాయులకు నవంబరునుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఫొటో కొరకు పక్షులను అదలించి లేపరాదని పిల్లలకు ముందే చెప్పవలెను. తినే వేళ ఒకసారి లేచిన గుంపు ఎంతో శక్తిని కోల్పోతుంది. పక్షి పేరు పుస్తకంలో వెదకుటకు ముందు పడవవానిని అడుగవలెను. అతడు చెప్పిన పేరును నోటుపుస్తకంలో వ్రాసికొని, ఏ నెలలో వచ్చునో, ఏమి తినునో, మునుపటికంటె తగ్గినదో హెచ్చినదో కూడ విచారించవలెను. ఆ నాలుగు మాటలే ఒక మంచి పాఠం.

సంధిలో రెండు అచ్చులు కలిసినప్పుడు క్రొత్త అక్షరం పుడుతుంది; విడదీసిన యెడల ఆ రూపం నిలువదు. ప్రళయకావేరి కూడ అట్టిదే. తీపినీరు ఉప్పునీరు, తెలుగు తమిళము, దీవి ఊరు ఒకదానితో ఒకటి రాకపోకలు సాగించినంత కాలం దానికి బ్రతుకు. పేరులో ప్రళయం పెట్టుకొన్న ఆ నీటికి నేడు ముంచుకొని వస్తున్నది వరద కాదు, ఇసుక. ఆ ద్వారం మూయబడకుండ చూచుట పక్షులకు చేసే దానం కాదు, మనకు మనం చేసికొనే మేలు.