తప్పు దుబాసీది

మా అమ్మ దగ్గర మా నాన్నగారి ఫొటో ఒక్కటే వుంది. 1976లో వాళ్ల పెళ్లినాడు తీసిన నలుపు తెలుపుల ఫొటో. ఆయనకు ఫొటోలంటే బొత్తిగా గిట్టేది కాదు. ఎవరైనా కెమెరా పట్టుకుని ఎదుటికి వస్తే చాలు, పెరట్లో ఏదో పని జ్ఞాపకం వచ్చేది. అంచేత ఆయన పోయాక, సంవత్సరీకం నాటికి పటం కట్టించాలంటే ఆ పెళ్లి ఫొటోయే గతి అయింది. అదేమో ట్రంకుపెట్టె అడుగున ఇన్నేళ్లూ పడివుండి, ఒక మూల పురుగు కొట్టి, సరిగ్గా నాన్నగారి చెంప మీదుగా మడత పడివుంది.

"ఎవరికో ఇవ్వడం ఎందుకురా? నువ్వే బాగు చెయ్యి" అంది అమ్మ.

నేను చదివింది తెలుగు ఎమ్మే. కాలేజీలో చెప్పేది ఛందస్సూ, వ్యాకరణమూ. అయినా కొడుకు పదిమందికి పాఠాలు చెబుతున్నాడంటే వాడికి రాని విద్య లేదని తల్లుల నమ్మకం. ఆ నమ్మకం చెడగొట్టడం ఇష్టంలేక ఫొటోను స్కాన్ చేయించి, ఇంట్లో కంప్యూటర్లో ఫొటోలు దిద్దే ప్రోగ్రామ్ ఒకటి పెట్టించుకుని, రోజూ భోజనాలయ్యాక దాని ముందు కూర్చున్నాను. పదకొండు రాత్రులు పట్టింది. మడత పోయింది. పురుగు కొట్టిన మూల పూడింది. పన్నెండో రాత్రి అమ్మను పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, గొప్పగా ఫైలు తెరిచాను.

నాన్నగారి మొహం మీద ఆకుపచ్చ గళ్లు! భుజం దగ్గర బొమ్మ చీలికలై సగం అటూ, సగం ఇటూ జరిగిపోయింది. పెద్దది చేసి చూద్దామని మౌస్ చక్రం తిప్పితే తెర అంతా నల్లబడి, కాసేపటికి మళ్లీ వచ్చింది. గళ్లు మాత్రం అలాగే వున్నాయి.

అమ్మ చాలాసేపు చూసి, "మళ్లీ పోయారట్రా మీ నాన్న?" అంది. అంతే. లేచి వెళ్లి పడుకుంది.

ఎవరీ దుబాసీ?

ఆ రాత్రి నేను చేయబోయిన పని తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. చేసినదంతా పాడైపోయిందనుకుని, ఆ ఫైలు తీసిపారేసి మొదటినుంచీ మొదలుపెడదామనుకున్నాను. అదృష్టం బాగుండి, దానికి ముందు హైదరాబాదులో కంప్యూటర్ వుద్యోగం చేస్తున్న మా మేనల్లుడికి ఫోను చేశాను. వాడు అంతా విని ఒక్క ప్రశ్న వేశాడు.

"మామయ్యా, ఆ బొమ్మని మీ ఫోన్లోకి పంపుకుని చూశారా?"

పంపుకుని చూశాను. ఫోన్లో నాన్నగారు నిక్షేపంలా వున్నారు! గళ్లూ లేవు, చీలికలూ లేవు.

"అయితే ఫొటోకేమీ కాలేదు. మీ తెర అబద్ధం చెబుతోంది. గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ని అనుమానించండి" అన్నాడు.

డ్రైవర్ అంటే మనకు తెలిసింది బస్సు తోలేవాడు. ఈ డ్రైవర్ వేరు. దీనికి సరిపోయే మాట నాకు కుంఫిణీవారి కాలపు మద్రాసులో దొరికింది: దుబాసీ. ద్విభాషి అన్నమాటే నోళ్లలో నలిగి దుబాసీ అయింది. దొరకు తెలుగు రాదు, నేతగాడికి ఇంగ్లీషు రాదు. మధ్య దుబాసీ. అతను సరిగ్గా చెబితే బేరం కుదిరేది; తప్పు చెబితే ఇద్దరూ నష్టపోయేవారు. మంచి దుబాసీ వల్ల ఎంత మేలో తెలియాలంటే, 1803లో పిన్నవయసులోనే పోయిన కావలి వెంకట బొర్రయ్యను తలుచుకుంటే చాలు. కాలిన్ మెకంజీ మన శాసనాలూ, స్థానిక చరిత్రలూ సేకరించగలిగాడంటే అతని వంటివాడు పక్కన వుండబట్టే.

కంప్యూటర్లోనూ ఇదే ఏర్పాటు. తెర మీద బొమ్మ గీసే పని గ్రాఫిక్స్ కార్డుది. ఫొటో ప్రోగ్రామ్ ఒక భాషలో అడుగుతుంది. కార్డుకు తెలిసిన భాష వేరు. అది కంపెనీకీ కంపెనీకీ, మోడల్ కీ మోడల్ కీ మారుతుంది. మధ్య నిలబడి ఆ మాట ఈయనకూ, ఈ మాట ఆయనకూ చెప్పే సాఫ్ట్ వేరే డ్రైవర్.

బొమ్మలకు వేరే కార్డెందుకంటారా? లెక్క చూడండి. తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటే మొత్తం 20,73,600. సెకనుకు 60 సార్లు గీయాలంటే ఒక్క సెకనులో పన్నెండు కోట్ల పైచిలుకు చుక్కలు! ముఖ్య ప్రాసెసర్ ఆరితేరిన వంటమేస్త్రీ వంటిది. ఏ వంటైనా చేస్తుంది గాని, వెయ్యి విస్తళ్లలో ఒక్కసారే వడ్డించమంటే చేతులు చాలవు. గ్రాఫిక్స్ కార్డు పెళ్లిపందిట్లో వడ్డనవాళ్ల దండు. తలా ఒక చిన్న పని, అందరూ ఒకేసారి. ఫొటోషాప్ 1990లోనే వచ్చినా, ఈ దండు సాయం తీసుకోవడం 2008 నాటి సీఎస్ 4తో మొదలైంది. పని వేగమైంది, దానితోపాటు దుబాసీ మీద ఆధారపడటమూ పెరిగింది.

దుబాసీ తప్పడానికి కారణాలు రెండు మూడు. ప్రోగ్రామ్ కొత్తదీ, డ్రైవర్ పాతదీ అయితే కొత్త మాటలు అర్థం కావు. కొత్త డ్రైవర్లోనే లోపం వుండవచ్చు. పాతదాని మీద కొత్తది సరిగా కూర్చోకపోవచ్చు. మా యింట జరిగింది రెండోది. ముందురోజు కంప్యూటర్ కట్టేయబోతే, తనంతట తాను ఏవో మార్పులు చేసుకుంటూ నన్ను అరగంట కూర్చోబెట్టింది. ఆ సందట్లోనే దుబాసీ మారిపోయాడు! తెర నల్లబడటానికీ అర్థం వుంది. కార్డు మామూలుగా రెండు సెకన్లదాకా పలక్కపోతే విండోస్ ఆ దుబాసీని బయటికి పంపి మళ్లీ లోపలికి పిలుస్తుంది.

ఏ పని ముందు, ఏది తరవాత

మీ యింట ఇలాంటిది జరిగితే కంగారుపడకండి. వరస తప్పకుండా చూస్తే చాలావరకు తేలిపోతుంది.

మొదటిది: పాత ఫైలు మీద సేవ్ చేయకండి. వేరే పేరుతో చేసి, ఫోన్లోనో ఇంకో కంప్యూటర్లోనో చూడండి. కొన్ని ఫిల్టర్ల లెక్కలు కూడా గ్రాఫిక్స్ కార్డే చేస్తుంది. అప్పుడు తప్పు తెర మీదే ఆగక ఫైల్లోకి దిగే ప్రమాదం వుంది.

రెండోది: దుబాసీని కాసేపు పక్కన కూర్చోబెట్టండి. ఫొటోషాప్ లో అయితే ఎడిట్, ప్రిఫరెన్సెస్, పెర్ఫార్మెన్స్ అని వరసగా వెళితే 'యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్' అన్న గడి వుంటుంది. అందులో టిక్కు తీసి, ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరవండి. లైట్ రూమ్ క్లాసిక్ లోనూ ఈ మీట ప్రిఫరెన్సెస్ లో పెర్ఫార్మెన్స్ కిందనే వుంటుంది. పని నెమ్మదిస్తుంది, కొన్ని సాధనాలు పలకవు. కాని గళ్లు మాయమైతే దొంగ దొరికినట్టే. కంప్యూటర్ వేయగానే, విండోస్ రాకముందు కనబడే కంపెనీ ముద్ర మీద కూడా గళ్లుంటే మాత్రం జబ్బు కార్డుదో, తీగదో, తెరదో. అప్పటికి ఈ డ్రైవర్ ఇంకా పనిలోకే దిగలేదు గదా!

మూడోది: తంటా ఎప్పుడు మొదలైందో జ్ఞాపకం చేసుకోండి. డ్రైవర్ మారిన మర్నాడే అయితే పాతవాణ్ణి తిరిగి పిలవాలి. స్టార్ట్ బొత్తాం మీద మౌస్ కుడి మీట నొక్కితే డివైస్ మేనేజర్ అని వస్తుంది. అందులో డిస్ ప్లే అడాప్టర్స్ కింద మీ కార్డు పేరు మీద రెండుసార్లు నొక్కి, డ్రైవర్ పేజీలో 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కండి. ఆ బొత్తాం వెలిసిపోయి నొక్కుడు పడకపోతే పాతది దాచిపెట్టి లేదని అర్థం.

నాలుగోది: కొత్త ప్రోగ్రామ్ పెట్టాక మొదలైతే కొత్త డ్రైవర్ కావాలి. అది కార్డు చేసినవారి సైటునుంచే తెచ్చుకోండి: ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్. ల్యాప్ టాప్ అయితే దాన్ని తయారుచేసిన వారి సైటు కూడా చూడాలి. ఎన్విడియా వారు ఆటలు ఆడేవారికి 'గేమ్ రెడీ' అనీ, ఫొటోలూ వీడియోలూ చేసేవారికి 'స్టూడియో' అనీ రెండు రకాలిస్తారు. మనకు కావలసింది రెండోది. 'క్లీన్ ఇన్ స్టలేషన్' అని అడిగితే వొప్పుకోండి. పాత ముక్కలు తుడుచుకుపోతాయి. "మీ డ్రైవర్లు పాతబడ్డాయి, ఇక్కడ నొక్కండి" అని తెర మీద ఎగిరే ప్రకటనల జోలికి మాత్రం వెళ్లకండి. ఆపిల్ మ్యాక్ వాడేవారికి ఈ వెతుకులాట లేదు. అక్కడ డ్రైవర్ మ్యాక్ ఓఎస్ తోపాటే వస్తుంది.

ఐదోది: కొన్ని ల్యాప్ టాపుల్లో రెండు గ్రాఫిక్స్ కార్డులుంటాయి, ఒకటి పొదుపుకు, ఒకటి బలానికి. ఫొటో ప్రోగ్రామ్ బలమైనదాన్నే వాడాలని సెట్టింగ్స్ లో సిస్టమ్, డిస్ ప్లే, గ్రాఫిక్స్ దగ్గర చెప్పవచ్చు. తెర బిగుసుకుపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలు నాలుగూ కలిపి నొక్కండి. డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది.

మర్నాడు

మా మేనల్లుడు ఫోన్లో చెబుతూ వుంటే నేను రెండో మెట్టూ, మూడో మెట్టూ ఎక్కాను. పాత డ్రైవర్ తిరిగి వచ్చింది. గళ్లు మాయమైనాయి. తెల్లవారాక అమ్మను మళ్లీ ఆ కుర్చీలోనే కూర్చోబెట్టాను.

ఈసారి నవ్వింది. దగ్గరికి జరిగి, కళ్లద్దాలు సర్దుకుని, "అంతా బాగానే వుంది గాని, గడ్డం మీద మచ్చ ఏదిరా?" అంది.

"ఫొటో మీద మరక అనుకుని తుడిచేశానమ్మా."

"మరక కాదురా. చిన్నప్పుడు జామచెట్టు మీదనుంచి పడ్డారట. నీకు వూహ తెలిసేసరికే ఆయన గడ్డం పెంచేశారు, నువ్వెప్పుడు చూశావు? ఆ మచ్చ ఫొటోది కాదు, మీ నాన్నదే."

ఏ తప్పు ఎవరిదో తేల్చుకోకుండా దిద్దడం మొదలుపెడితే ఇంతే మరి! స్కాన్ చేసిన అసలు ఫైలు ముట్టుకోకుండా వేరే దాచాను గనక బతికిపోయాను. ఆ రాత్రి అది తెరిచి, మచ్చ ఒక్కటీ తెచ్చి దానిచోట దాన్ని పెట్టాను. పటం సంవత్సరీకానికి రెండురోజులు ముందే గోడెక్కింది.