తల్లి తిన్న ముద్ద, బిడ్డకు వృద్ధాప్యంలో బలం

బోధన్ ప్రాంతపు చెరకు రైతుకు ఒక సంగతి బాగా తెలుసు. ఒకే తోటలో కోసిన ముచ్చెలను రెండు మళ్లలో నాటితే పంట ఒకేలా రాదు. మొలక దశలో నిజాంసాగర్ కాలువ నీరు, ఎరువు అందిన మడి ఒక తీరు. అవి అందని మడి మరొక తీరు. విత్తనం ఒక్కటే, మొదటి దినాలు వేరు. మనుష్యుల విషయంలోనూ మొదటి దినాల ప్రభావం ముసలితనం వరకు వెంట వస్తుందని నేటి జీవశాస్త్రం చెబుతున్నది.

మన కణాలలో తల్లిదండ్రుల నుంచి వచ్చిన డి.ఎన్.ఏ. ఒక గ్రంథం వంటిది. కంటి కణానికీ కాలేయ కణానికీ గ్రంథం ఒక్కటే. అయితే ఏ పుట చదవాలో, ఏ పుట మూసి ఉంచాలో తెలిపే గురుతులు దానిపై ఉంటాయి. వాటిలో ముఖ్యమైనవి మిథైల్ అనే చిన్న రసాయనపు గురుతులు. అక్షరాలు మారకుండా చదివే తీరు మార్చే ఈ గురుతుల శాస్త్రమే ఎపిజెనెటిక్స్. తేనెపట్టులో రాణి ఈగ, కూలి ఈగ ఒకే రకం గుడ్ల నుంచి పుడతాయి. మేతలో తేడా వల్లనే రాణి కొన్నేండ్లు బ్రతుకుతుంది. కూలి ఈగ పని కాలంలో కొద్ది వారాలకే చనిపోతుంది.

వయసు పైబడుతున్న కొద్దీ మన డి.ఎన్.ఏ. పై గురుతులు కూడా మారుతాయి. 2013లో అమెరికాలో స్టీవ్ హోర్వాత్ అనే శాస్త్రజ్ఞుడు 353 చోట్ల ఈ గురుతులను చూసి మనిషి వయసును దాదాపుగా లెక్కకట్టే పద్ధతిని ప్రకటించాడు.

ఈ గురుతులలో కొన్ని తల్లి గర్భంలోనే పడతాయి. 1944-45 చలికాలంలో హాలెండు దేశంలో యుద్ధం వల్ల ఘోరమైన కరువు వచ్చింది. ఆ ఆకలి దినాలలో గర్భాన పడినవారిని సుమారు 60 ఏండ్ల తరువాత పరీక్షించారు. ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువుపై వారికి తమ తోబుట్టువుల కన్న మిథైల్ గురుతులు తక్కువగా ఉన్నాయని 2008లో వెల్లడైంది.

అంత దూరం పోనక్కరలేదు. మన హైదరాబాదు దగ్గరి 29 గ్రామాలలో 1987 నుంచి 1990 వరకు ఒక పరిశీలన జరిగింది. కొన్ని గ్రామాలలో గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఆరేండ్లలోపు పిల్లలకు ప్రతిదినం మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగిలిన గ్రామాలలో ఆ పథకం అప్పటికి ఇంకా రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏండ్ల వారయ్యాక, 2003-05లో, 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. వారి రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి. ఇన్సులిన్ మెరుగుగా పనిచేస్తున్నది. నాళాలు బిరుసెక్కడం, షుగరు రావడం ముసలితనపు బాధలు కదా! వాటి బీజం పసితనంలోనే పడుతుందన్నమాట. ఆ పరిశీలన నాళాలనే కొలిచింది, డి.ఎన్.ఏ. గురుతులను కాదు.

ఆ గురుతుల పని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనాలయంలో జరిగింది. అక్కడ గిరిరాజ్ చందక్ బృందం తల్లుల పోషణ పిల్లల గురుతులపై చూపే ప్రభావాన్ని పరిశోధించింది. ఒక జన్యువుపై ఉన్న మిథైల్ గురుతులకూ పిల్లల ఎత్తుకూ సంబంధం ఉన్నదని 2023లో ఆ బృందం ప్రకటించింది. మిథైల్ గురుతులు వేయడానికి శరీరానికి ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిను కావాలి. మొదటిది ఆకుకూరల్లో, పప్పుల్లో దొరుకుతుంది. రెండవది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది.

ఇప్పుడు మన ఇండ్ల సంగతి చూద్దాం. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని గర్భిణికి అన్నం తగ్గించే అలవాటు కొన్ని ఇండ్లలో ఉంది. చెరకు కోతకు పోయినా, పొద్దంతా బీడీలు చుట్టినా, కోడలు అందరికీ వడ్డించి మిగిలినది తింటుంది. కూర అప్పటికే అయిపోతుంది. ఆ లోటు ఆమె ఒక్కదానిది కాదు, పుట్టబోయే బిడ్డ అరవయ్యేండ్ల వయసుది కూడా. అందుచేత అత్తమ్మలారా, గర్భిణికి మొదట వడ్డించండి. 2015 జనవరి 1 నుంచి తెలంగాణ అంగన్‌వాడీలలో గర్భిణులకు ఆరోగ్యలక్ష్మి పథకం మొదలైంది. ఒక పూట భోజనం, గుడ్డు, పాలు అందులో భాగం. దానిని వదలుకోవద్దు. ఇంటికి తెచ్చి పంచుకోకుండా ఆమెనే తిననివ్వండి. ఆసుపత్రివారు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం, ఇనుము మాత్రలు మానవద్దు.

తండ్రులకూ ఒక మాట. పొగ తాగేవారి డి.ఎన్.ఏ. పైన గురుతులు మారుతాయి. మానివేసినవారిలో అనేక గురుతులు క్రమంగా తిరిగి సర్దుకుంటాయి. కాబట్టి ఇది తలరాత కాదు. చిన్నప్పుడు ఆకలితో పెరిగినవారు కూడా పొగ మాని, ఒళ్లు కదిలించి, బి.పి., షుగరు చూపించుకుంటూ ఉంటే మేలు పొందగలరు.

139వ కీర్తన చదివే మనకు తల్లి గర్భమంటే గౌరవం కొత్త కాదు. ఆ గౌరవం ఈ రాత్రి మన ఇంటి కంచంలో కనబడాలి.