మగత వేరు – నిద్ర వేరు

నిద్ర అనేది అలసిన దేహానికి విశ్రాంతి మాత్రమేనని పెక్కుమంది భావిస్తారు. మన ప్రాచీన వైద్యులు అంతటితో తృప్తి చెందలేదు. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడింటిని దేహాన్ని నిలబెట్టే ఉపస్తంభాలుగా ఆయుర్వేదం పేర్కొన్నది. యునానీ వైద్యంలో ‘అస్బాబె సిత్తా జరూరియా’ అని ఆరు ఆవశ్యక కారణాలను చెబుతారు. గాలి, అన్నపానాలు, దేహం యొక్క చలన విశ్రాంతులు, మనస్సు యొక్క చలన విశ్రాంతులు, నిద్రా జాగరణలు, దేహంలో నిలువవలసినవి నిలవడం, వెడలవలసినవి వెడలడం – ఇవే ఆ ఆరు. మనస్సును, నిద్రను ఒకే వరుసలో కూర్చిన ఆ దృష్టి ఎంత సమంజసమైనదో ఆధునిక మనోవైద్య శాస్త్రం కూడా తెలియజేస్తున్నది.

ఈ సంబంధం మిక్కిలి స్పష్టంగా గోచరించే వ్యాధులలో బైపోలార్ వ్యాధి ఒకటి. జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ 1899లో దీనిని ఉన్మాద విషాద వ్యాధిగా వేరుపరచి వర్ణించాడు. 1980లో అమెరికన్ మనోవైద్య సంఘం వెలువరించిన వర్గీకరణ గ్రంథంతో ‘బైపోలార్’ అనే పేరు స్థిరపడింది. రెండు ధ్రువాలు కలది అని ఈ మాటకు అర్థం. ఒక ధ్రువం ఉద్రేకం. ఈ దశలో రోగి రాత్రి రెండు మూడు గంటలు మాత్రమే పడుకొని, అలసట అన్నది లేకుండా లేస్తాడు. మాట వెంట మాట దొర్లుతుంది. డబ్బు మంచినీళ్ళలా ఖర్చవుతుంది. రెండవ ధ్రువం విషాదం. ఈ దశలో కొందరికి కంటిమీద కునుకు ఉండదు. మరికొందరు పది పన్నెండు గంటలు పడుకున్నా లేవలేరు. ఈ వ్యాధి తరచుగా పదిహేడు పద్దెనిమిదేళ్ళకు, పాతికేళ్ళకు నడుమ, అనగా కళాశాలలో చదువుకొనే వయస్సులోనే తల ఎత్తుతుంది.

నిద్ర తగ్గడం ఉద్రేకానికి లక్షణమే కాక, కారణం కూడా కాగలదు. అమెరికాకు చెందిన థామస్ వేర్, ఆయన సహచరులు 1987లో ప్రకటించిన వ్యాసంలో ఈ విషయాన్ని వివరించారు. దుఃఖం, ప్రయాణం, ప్రసవం, రాత్రి ఉద్యోగం – కారణం ఏదైనా అది మొదట నిద్రను హరిస్తుంది. హరించిన నిద్ర ఉద్రేకాన్ని రగిలిస్తుంది. ఉద్రేకం మళ్ళీ నిద్రను హరిస్తుంది. పెళ్ళింటిలో వరుసగా రెండు రాత్రుల జాగరణ, పరీక్షల ముందు తెల్లవారేదాకా చదువు – ఇతరులకు ఇవి ఒక పూట తలనొప్పితో పోవచ్చు. ఈ వ్యాధి ఉన్నవారికి మాత్రం ప్రమాద హేతువులు. కనుక వీరికిచ్చే ఔషధం నిద్రను ఏ విధంగా మారుస్తుందన్న ప్రశ్న చిన్నది కాదు.

ఈ ఔషధాలలో ప్రథమ గణ్యమైనది లిథియం. ప్రకృతిలో లభించే ఈ లవణం యొక్క గుణాన్ని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో లోకానికి చాటాడు. డెన్మార్కుకు చెందిన మోగెన్స్ షౌ, ఆయన సహచరులు 1954లో తమ పరీక్షలతో దానిని బలపరచారు. ఇరవైనాలుగు గంటల దినచర్యను నడిపే గడియారమొకటి మన మెదడులో ఉన్నది. లిథియం ఆ గడియారం నడకను కొంత నెమ్మదింపజేస్తుందని ప్రయోగాలలో తేలింది. గాఢనిద్రను పెంచే గుణం కూడా దీనిలో కనబడింది. ఐతే ఇది కొందరిలో దాహాన్ని, మూత్రాన్ని అధికం చేస్తుంది. రాత్రి రెండు మూడు మార్లు లేవవలసి వస్తే, మందు ఇచ్చిన నిద్రను మందే ముక్కలు చేసినట్లవుతుంది.

ఇక రెండవ తరగతి ఔషధాలు క్వెటియాపిన్, ఒలాంజపిన్ మొదలైనవి. ఇవి మెదడులో మనలను మేల్కొలిపి ఉంచే హిస్టమిన్ అనే పదార్థం యొక్క పనిని అడ్డుకొంటాయి. జలుబుకు కొన్ని పాతకాలపు మాత్రలు వేసుకొంటే కన్నులు మూతలు పడడం చాలామందికి అనుభవమే గదా! ఇక్కడ జరిగేదీ ఇంచుమించు అదే. ఉద్రేకంతో రాత్రింబవళ్ళు తిరుగుతున్న మనిషిని ఈ మగత శాంతింపజేస్తుంది. కాని ఉద్రేకం అణగిన పిదప అదే మగత పగటి పనికి అడ్డుగా నిలుస్తుంది. క్వెటియాపిన్ పరిమాణం రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 7 గంటలు పడితే, ఒలాంజపిన్‌కు సుమారు 30 గంటలు పడుతుంది. రాత్రి వేసుకొన్న మాత్ర మరునాటి తరగతి గదిలో కూడా ఎందుకు పని చేస్తున్నదో ఈ లెక్క వల్ల బోధపడుతుంది.

ఇక్కడే మగతకు, నిద్రకు గల భేదాన్ని గ్రహించాలి. మగత అంటే మెలకువ మందగించడం. నిద్ర అంటే మెదడు తనకు తానై ఒక క్రమంలో గాఢనిద్రకు, స్వప్ననిద్రకు రాత్రంతా రాకపోకలు సాగించడం. మగతలో పది గంటలు పడి ఉన్నంత మాత్రాన మంచి నిద్ర పట్టిందని చెప్పలేము. పైగా ఈ మందులతో శరీరం బరువెక్కే అవకాశం ఉన్నది. బరువెక్కిన వారిలో కొందరికి నిద్రలో గొంతు దారి మూసుకొని, శ్వాస ఆగి ఆగి నడుస్తుంది. ఇంటివారు గురకను విని ‘హాయిగా నిద్రపోతున్నాడు’ అనుకొంటారు. రోగి మాత్రం తెల్లవారి అలసటతో లేస్తాడు. ఈ లక్షణాన్ని వైద్యునికి చెప్పవలసినవారు ఇంటివారే, ఎందుకనగా రోగి తన గురకను తాను వినలేడు.

అన్ని మందులూ నిద్రనే తెస్తాయనుకోవడం కూడా పొరపాటే. అరిపిప్రజోల్ కొందరిలో నిద్రను చెదరగొడుతుంది. కాలు ఒకచోట నిలువనీయని ఒక విధమైన లోపలి తపనను కలిగిస్తుంది. కూర్చుంటే లేవాలని, లేస్తే నడవాలని అనిపిస్తుంది. దీనిని వ్యాధి ముదిరినట్లుగా భావించి మందు పెంచితే బాధ అధికమయ్యే ప్రమాదమున్నది. లామోట్రిజిన్ వల్ల మగత తక్కువ. కొందరికి నిద్ర పలుచబడుతుంది. వాల్ప్రోయేట్, కార్బమజెపిన్ మొదటి రోజులలో మగతను కలిగించి, పోను పోను సర్దుకోవచ్చు. విషాదానికిచ్చే మందులను లిథియం వంటి ఔషధం తోడు లేకుండా వాడితే కొందరిలో విషాదం తిరగబడి ఉద్రేకమవుతుంది. ఆ మార్పునకు తొలి సూచన నిద్ర తగ్గడమే. క్లోనజెపామ్, లోరజెపామ్ వంటివి త్వరగా నిద్ర పట్టిస్తాయి. కాని ఎక్కువ కాలం వాడితే శరీరం వాటికి అలవాటుపడుతుంది కనుక వైద్యులు కొద్ది కాలానికే వాటిని వ్రాస్తారు.

ఇంత వివరం ఎందుకు? మన ఇళ్ళలో సాధారణంగా జరిగేది ఒకటున్నది. కుమారుడు పగలంతా తూగుతుంటాడు. ‘మందులిచ్చి పిల్లవాణ్ణి మొద్దుబార్చారు’ అని తల్లి కన్నీరు పెడుతుంది. బంధువులు వంత పాడుతారు. ఒకనాడు మాత్రలు అటకెక్కుతాయి. నాలుగు రోజులు అతడు చురుకుగా తిరుగుతాడు. నయమైందని అందరూ సంతోషిస్తారు. ఆ చురుకుదనమే రాబోయే ఉద్రేకానికి ముందు నడిచే నీడ కావచ్చునని ఎవరికీ తోచదు. లిథియంను హఠాత్తుగా మానిన వారిలో వ్యాధి తిరగబెట్టే ప్రమాదం, ఆత్మహత్య ప్రమాదం కూడా పెరుగుతాయని వైద్యశాస్త్రం స్పష్టంగా చెబుతున్నది. మగత భరించవలసిన శిక్ష కాదు. అట్లని మందు మానడానికి అనుమతీ కాదు. అది వైద్యునికి విన్నవించవలసిన సమాచారం. మందు వేళను ముందుకు జరపడం, మోతాదును మార్చడం, ఒక మందు స్థానంలో మరొకటి ఇవ్వడం – ఇన్ని మార్గాలు ఆయన చేతిలో ఉన్నవి. ఏ వేళకు పడుకొన్నది, ఏ వేళకు లేచినది, మందు ఎప్పుడు వేసుకొన్నది ఒక పుస్తకంలో రోజూ వ్రాసుకొని తీసుకొనిపోతే ఆయన పని సులువవుతుంది. మగత తగ్గేవరకు వాహనం నడపరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

మన పాఠకులకు రంజాన్ మాసం విషయం ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. తరావీహ్ నమాజు తరువాత ఆలస్యంగా పడుకొని, సహరీకి తెల్లవారుజామున లేవడం వల్ల నిద్ర రెండు ముక్కలవుతుంది. మందుల వేళలూ మారుతాయి. ఎండాకాలంలో పగలంతా నీరు లేకుండా చెమట పట్టితే లిథియం రక్తంలో హెచ్చి విషతుల్యం కావచ్చు. వ్యాధిగ్రస్తులకు ఉపవాసం విషయంలో సడలింపును పవిత్ర ఖురానే ప్రసాదించింది. కనుక నెలవంక కనబడక ముందే వైద్యుని సంప్రదించడం శ్రేయస్కరం. ఇరానీ చాయ్ మాట కూడా ఒకటి. రాత్రివేళ త్రాగే టీ నిద్రను దూరం చేస్తుంది. అంతేకాదు, అందులోని కెఫీన్ లిథియంను మూత్రం ద్వారా త్వరగా వెడలగొడుతుంది. బాగా అలవాటైన టీని ఒక్కసారిగా మానివేస్తే లిథియం పాలు పెరగనూ వచ్చును. అలవాటులో ఏ మార్పు చేసినా వైద్యునికి తెలియజేయాలి.

హైదరాబాదులో ఎర్రగడ్డ అనే ఊరి పేరును పరిహాసానికి వాడడం చాలామందికి అలవాటు. అక్కడ ఉన్నది ఒక వైద్యశాల. కాలు విరిగినవాడు ఆసుపత్రికి పోతే నవ్వని మనం, మనస్సు నొచ్చినవాడు పోతే ఎందుకు నవ్వాలి? ఈ పరిహాసానికి వెరచియే ఎందరో తమ బాధను దాచుకొంటున్నారు. 2022లో భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై ఫోను చేసి, ఉచితంగా, తెలుగులో, ఉర్దూలో కూడా మాట్లాడవచ్చును.

విద్యార్థి మిత్రులారా! మీ గదిలోని మిత్రుడు వరుసగా మూడు రాత్రులు నిద్రలేకుండా ఉత్సాహంతో ఊగిపోతుంటే అతని ప్రతిభకు మురిసిపోకండి. మాత్రల మగతతో తూగే మిత్రుని సోమరి అని ఎగతాళి చేయకండి. మొదటివానిని వైద్యుని వద్దకు తోడ్కొనిపొండి. రెండవవానిని మళ్ళీ అదే వైద్యుని వద్దకు, మందు మానకుండా, పంపండి. స్నేహితునికి మీరు చేయగల ఉపకారాలలో ఇంతకంటె గొప్పది అరుదుగా లభిస్తుంది.