వెండి రంగులోని ఛాయలు

1963లో మన వాయుసేనలో చేరిన మిగ్-21 విమానాలు తొలినాళ్లలో లోహపు సహజకాంతితోనే ఎగిరేవి. నాసిక్‌లోని హెచ్.ఎ.ఎల్. కర్మాగారంలో తయారైన ఎఫ్.ఎల్. రకమూ అట్టిదే. 1971 యుద్ధ సమయంలో వీటిలో చాలావాటిపై శత్రువు కంటబడని రంగులు పూశారు. 2025 సెప్టెంబరు 26న ఈ విమానం సేవల నుండి విరమించింది. ఆ తొలి మెరుపును 1/72 నమూనాలో నిలుపుకోదలచిన వారికి చిక్కంతా రంగు దగ్గరే.

వెండి రంగులో ఉండేవి సన్నని అల్యూమినియం రేణువులు. అవి ఉపరితలానికి సమాంతరంగా పరచుకుంటేనే లోహమనిపిస్తుంది; లేకుంటే బూడిద రంగే మిగులుతుంది. కనుక ముందుగా నిగనిగలాడే నల్లరంగు పూసి, అది పూర్తిగా ఆరాక, పలుచని వెండి రంగును ఎయిర్ బ్రష్‌తో పొరలుగా చల్లాలి. రేణువులు అతి సన్ననివై ఉండాలి. ఈ నమూనాపై 0.1 మిల్లీమీటరు రేణువు అసలు విమానంపై 7 మిల్లీమీటర్ల మచ్చతో సమానం!

విమానపు రేకులన్నీ ఒకే ఛాయలో ఉండవు. అంతటా ఒకే వెండి పూస్తే అది ఆటబొమ్మే. అయితే ఛాయ మార్చడానికి మామూలు నల్లరంగు కలిపితే అది రేణువులను కప్పివేసి మెరుపును చంపుతుంది. పారదర్శకమైన నీలం, పొగ రంగులు మేలు. ఇరవై చుక్కలకు ఒకటి చాలు. ఒకే ద్రావకంలో కలిసే రంగులనే వాడాలి. ఇంజను వెనుక భాగానికి పారదర్శక గోధుమ రంగు కొంచెం ఎక్కువగా పడాలి. ముక్కుశంకువు మాత్రం లోహం కాదు. రాడారు తరంగాలు దాని గుండా సాగాలి గదా! అక్కడ వెండి పూయరాదు.

ఒక రేకు ఆరిన మరునాడే పక్కదానికి హద్దుగా పట్టీ అంటించాలి. తొందరపడితే పట్టీతోపాటు వెండీ లేచివస్తుంది.